తలుపవతలి నడక

రథం ఇరుసు విరిగింది కనుక వీరుడు నడవవలసి వచ్చింది. వీరుడు నడవాలంటే ముందుగా అడుగులాయన అతని బూట్లు తొడుక్కోవాలి. పీట అంచున కూర్చుని, మోకాళ్ళ మీదికి వంగి, బిగుసుకుపోయిన తోలులోకి మడమను కొద్దికొద్దిగా దించి, గోడ పట్టుకుని ఆయన లేచి నిలబడ్డాడు. ఎదుటి తెర మీద వీరుడు ఎర్రజుట్టు ఎగరేసుకుంటూ కొండదారి పట్టాడు. అడుగులాయన వీరుడి ముఖం చూడలేదు, కత్తీ చూడలేదు. పాదాలు మాత్రమే చూశాడు. బొమ్మ పాదం నేలకు ఆనే క్షణానికి తన పాదాన్ని కంకర పోసిన చెక్కతొట్టిలో ఆనించాడు. వీరుడు కొండ ఎక్కిపోయాడు. ఆయన ఉన్నచోటనే ఉన్నాడు.

"బాబాయ్, మీ ఆయాసం కూడా రికార్డయింది," అద్దం వెనక గదిలోంచి రికార్డిస్టు గొంతు వినిపించింది. "తీసెయ్యనా, ఉంచనా?"

"ఉంచమ్మా. వీరుడికీ వయసొస్తోందిగా."

"అయితే వచ్చే సీజనుకి చేతికర్ర ఇద్దాం."

ఆమె నలభై దాటిన మనిషి. చెవులకు పెట్టుకున్న హెడ్‌ఫోన్ల మధ్య ముఖం చిన్నదిగా కనిపించేది. ఆ స్టూడియోలో ఆయన చేసిన ప్రతి చప్పుడునూ మొదట విన్నది ఆమే. ఆయన అసలు పేరు మాత్రం ఆమెకు కూడా ఎప్పుడో ఒకసారి తప్ప అవసరపడలేదు. అందరికీ ఆయన అడుగులాయన. గీసిన బొమ్మకు చప్పుడుండదు. అది నడిచినా, పడినా, గిన్నె కింద పెట్టినా మూగగానే చేస్తుంది. బొమ్మల నోళ్ళకు గొంతులిచ్చేవారు వేరే ఉన్నారు, వారిని చూడటానికి జనం వస్తారు. బొమ్మల కాళ్ళకు చప్పుడిచ్చేది ఈయన. ఈయనను చూడటానికి ఎవరూ రాలేదు, వచ్చినా చూడటానికి పెద్దగా ఏమీ లేదు: సన్నటి పిక్కలు, పరాయి చెప్పులు తొడిగీ తొడిగీ వంకరపోయిన బొటనవేళ్ళు, మెడ మీదికి పెరిగిన నెరిసిన జుట్టు.

గదికి కిటికీ లేదు. గోడలకు మందపాటి బొంతలు వేలాడుతున్నాయి. నేలను గళ్ళుగా విడదీసి ఒక గడిలో చెక్క, ఒక గడిలో రాతిపలక, ఒకదానిలో ఇసుక, ఒకదానిలో కంకర అమర్చారు. అటకల నిండా ఇతరులు పారేసిన వస్తువులు. ఊచలు విరిగిన గొడుగు టపటపలాడిస్తే డేగ రెక్కలు. తాళంచెవుల గుత్తి సేనాపతి కవచం. తడిపిన తోలు చేతితొడుగులు నిప్పులు కక్కే కోడి రెక్కలు.

ఆ కోడి వల్లనే ఆ యానిమే బొమ్మల సీరియల్ నాలుగో సీజను దాకా వచ్చిందని అందరూ అంటారు. అదొక వేళాకోళపు మాయాలోకం. అందులో సగంమంత్రాల అవ్వ అని ఒకావిడ ఉంది. ఏ మంత్రమైనా ఆవిడకు సగమే గుర్తుంటుంది. మొదటి సీజనులో ఊరిమీద పడ్డ డ్రాగన్‌ను కోడిపెట్టగా మార్చబోయింది. మారనైతే మారింది గానీ నిప్పు కక్కడం మానలేదు. అప్పటినుంచి అవ్వ ఆ పెట్టను చంకలో పెట్టుకుని, వీరుడి వెంట లోకమంతా తిరుగుతూ, అడుగడుక్కీ పనులు చెడగొడుతూ వచ్చింది.

అవ్వ నడకంటే పిల్లలు పడిపడి నవ్వేవారు. టప్, సర్ర్. టప్, సర్ర్. కుడికాలు గట్టిగా పడేది, ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చేది. అవ్వ తెర మీదికి రాకముందే ఆ చప్పుడు వచ్చేది. వీరుడు, సేనాపతి, చివరికి రాక్షసరాజు కూడా దాక్కోవడానికి చోటు వెతుక్కునేవారు.

ఆ నడక అడుగులాయన భార్యది.

చిన్నతనంలో వచ్చిన జ్వరం ఆమె ఎడమకాలిని సన్నబరిచి వదిలిపెట్టింది. ఒక సినిమాహాలులో ఆమె టికెట్లు అమ్మేది. కిటికీ వెనక కూర్చున్నంతసేపూ ఆమె కుంటిదని ఎవరికీ తెలియదు. ఆఖరి ఆటకు టికెట్లు అయిపోయాక, జనమంతా లోపలికి వెళ్ళాకగాని ఆమె లేచేది కాదు. ఆ రోజుల్లో ఆయన వెనక వరసలో కూర్చుని, కళ్ళు మూసుకుని, సినిమాలో చప్పుళ్ళు మాత్రమే వినే కుర్రవాడు. ఒకనాటి రాత్రి హాలు మెట్ల మీద ఆ నడక విన్నాడు. మనిషిని చూడకముందే లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో పెళ్ళయిన తరవాత కూడా ఆమెకు సరిగ్గా చెప్పలేకపోయాడు.

మొదటి సీజను మొదలైనప్పుడు అవ్వకు ఎన్ని నడకలు కట్టినా దర్శకుడికి నచ్చలేదు. ఒకటి మరీ ముసలి నడకన్నాడు, ఇంకొకటి ఎక్కడో విన్న నడకన్నాడు. దిగాలుగా ఇంటికి వచ్చిన భర్తతో ఆమె, "నా చెప్పులు పట్టుకెళ్ళండి," అంది.

"లోకమంతా నవ్వుతారు," అన్నాడాయన.

"నవ్వడం కొత్తా? ఈసారైనా టికెట్టు కొని నవ్వనివ్వండి."

అలా ఆమె తోలుచెప్పులు స్టూడియో పై అటక మీదికి చేరాయి. ఎవరివని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. సీరియల్ వచ్చే సాయంత్రాలు ఆమె టీవీ ఎదుట కూర్చుని, అవ్వ వచ్చేసరికి కళ్ళు మూసుకునేది. "ఇవాళ ఎడమది కాస్త ఎక్కువైంది," అనేది. మరునాడు ఆయన తగ్గించేవాడు.

కిందటేడు ఆమె మంచాన పడింది. మొదట కుడిచెయ్యి, ఆ తరవాత రెండుకాళ్ళూ పోయాయి. నోరు ఒక పక్కకు లాగింది గానీ అందులోని పదును పోలేదు. పాత ఎపిసోడ్లు పెట్టనా అని అడిగితే, "చూసిన ఆటకి మళ్ళీ టికెట్టా?" అనేది. ఆమె కనిపెట్టుకుని ఉన్నది నాలుగో సీజను కోసం. సాయంత్రం ఆయన గడప దాటగానే ఆమె అడిగే మాట ఒకటే: "ముసలిది ఇవాళ ఎక్కడికి నడిచింది?"

నాలుగో సీజనులో అవ్వ నడవదు. మొదటి ఎపిసోడ్‌లోనే తన శాపం తనకే తగిలి ఆమె పాదాలు నేలకు ఆనడం మానేశాయి. చంకలో కోడితో సహా గాలిలో తేలుతూ తిరుగుతుంది. ఆయన చేయవలసిందల్లా పట్టుగుడ్డ ఒకటి చెవిదగ్గర ఊగినట్టు మైకు ముందు ఊపడం. ఈ సంగతి ఆయన ఇంట్లో చెప్పలేదు. "వంతెన దాటింది," అన్నాడు ఒకరోజు. "కోట మెట్లెక్కింది," అన్నాడు ఇంకొకరోజు. ఆమె కళ్ళు మూసుకుని వినేది. సీరియల్ వానలు వెలిశాకగాని ప్రసారం కాదు. వైద్యుడు మొన్ననే ఆయనను వరండాలోకి పిలిచి, గుండె అలిసిపోయిందనీ, చూడాలనుకునేవాళ్ళకు కబురు పెట్టుకోమనీ చెప్పాడు.

ఇవాళ ఆఖరి ఎపిసోడ్ రికార్డింగు. అవ్వ నడవడానికి ఇక మిగిలింది ఈ ఒక్క పూటే.

మధ్యాహ్నం విరామంలో దర్శకుడు గదిలోకి వచ్చి కంకరతొట్టి అంచు మీద కూర్చున్నాడు. ఆయన ఒకప్పుడు బొమ్మలు గీసినవాడే. చెవి వెనక పెన్సిల్ ఇప్పటికీ ఉంటుంది. అడుగులాయన భోజనం డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు.

"సార్, ఈ సీజన్లో అవ్వ ఒక్కసారైనా నడవదా?"

"ఏం పెద్దాయనా, పని తగ్గిందని బెంగా?"

"అది కాదు సార్."

అది కాకపోతే ఏదో చెప్పాలి. ఆయన అడగడం అలవాటున్న మనిషి కాదు. దర్శకుడు తానే అందుకున్నాడు. "నడక గియ్యాలంటే మావాళ్ళ నడుములు పడిపోతాయి. తేలడమంటే ఒక్క బొమ్మ గీసి పక్కకి జరుపుకుంటూ పోవడమే. అది అవ్వకి శాపం, మావాళ్ళకి వరం. అయినా ఇప్పుడు అడిగితే ఏం చెయ్యను? బొమ్మలన్నీ అయిపోయాయి. పాదాలే గియ్యలేదు. ఆవిడ అంగీ అంచు కింద ఏముందో మాక్కూడా తెలీదు."

అడుగులాయన తల ఊపాడు. విరామం అయిపోయింది. కోడి రెక్కలు కొట్టింది, సేనాపతి మెట్ల మీంచి దొర్లాడు, సత్రంలో బల్ల విరిగింది. ఆయన చేతితొడుగులు విదిలించాడు, తాళంచెవుల గుత్తితో నేలమీద పొర్లాడు, అరటిపళ్ళ చెక్కపెట్టె మీద కూర్చుని దాన్ని విరిచాడు. మోకాలు దోక్కుపోయింది. తుడుచుకున్నాడు.

ఆ తరవాత తెర మీదికి ఒక మూసిన తలుపు వచ్చింది.

రాక్షసరాజుతో తేల్చుకోవడానికి అవ్వ ఒంటరిగా వెళ్ళింది, తిరిగి రాలేదు. సత్రంగదిలో వీరుడు, సేనాపతి, కోడి తలుపు వైపు చూస్తూ కూర్చున్నారు. కోడి ముక్కులోంచి సన్నటి పొగ వస్తోంది. ఎవరూ మాట్లాడరు. చాలాసేపు తలుపు ఒక్కటే. చివరికి అది తెరుచుకుంటుంది, అవ్వ తేలుతూ లోపలికి వస్తుంది.

"ఇక్కడ మీకేం లేదు బాబాయ్," అంది రికార్డిస్టు. "నిశ్శబ్దమే."

అడుగులాయన కదలలేదు. "సార్," అన్నాడు అద్దం వైపు తిరిగి. "తలుపు మూసే ఉంది కదా."

"ఊఁ?"

"మూసిన తలుపు అవతల ఆవిడ తేలుతోందో నడుస్తోందో ఎవరు చూశారు? బొమ్మ అక్కర్లేదుగా."

"మరి శాపం సంగతి?" అన్నాడు దర్శకుడు.

రికార్డిస్టు అందుకుంది. "శాపం ఎప్పుడో దిగిపోయుంటుంది సార్. కాళ్ళనొప్పులని చెప్పుకోలేక తేలుతోంది. ఎవరూ లేనప్పుడు మామూలుగానే నడుస్తుంది."

"అంటే సీజనంతా నాటకమాడిందన్నమాట."

"అవ్వ కదా, ఆడుతుంది."

దర్శకుడి నవ్వు మైకులో గరగరమంది. "సరే పెద్దాయనా, ఒక్కసారి చేసి చూడండి. నచ్చకపోతే తీసేస్తాను."

పీట ఎక్కి ఆయన పై అటక మీంచి గుడ్డసంచి దించాడు. చెప్పులు ఎండి బిరుసెక్కాయి. ఎడమదాని అడుగు బయటి అంచున అరిగి కాగితమంత పలచనైంది. ముందుపట్టీ తెగితే ఆమె తన చేత్తో వేసిన నల్లదారపు కుట్లు ఇంకా ఉన్నాయి. ఆయన పాదాలు వాటిలో పూర్తిగా పట్టలేదు, మడమలు బయటే ఉండిపోయాయి. రాతిపలక మీద నిలబడి మొదలుపెట్టాడు. టప్, సర్ర్. టప్, సర్ర్.

"బాగుంది," అన్నాడు దర్శకుడు.

"ఇంకొకసారి చేస్తాను సార్."

ఇన్నేళ్ళలో ఆయన తనంతట తాను ఆ మాట అనలేదు. రికార్డిస్టు తలెత్తి చూసింది. ఇప్పుడు చేసినది కుంటివాళ్ళను చూసి ఎవరైనా పట్టే నడక. అది ఆయనకు తెలిసింది. కుంటినడకలో అసలు వినవలసింది ఈడ్చే కాలును కాదు, దాని వంతు బరువు కూడా తనమీద వేసుకోవడానికి తొందరపడే రెండో కాలును. ఆయన కళ్ళు మూసుకున్నాడు. సినిమాహాలు మెట్లు, ఆ తరవాత కాపురమున్న ఇళ్ళ వసారాలు, ఆసుపత్రి నడవ, ఒకదాని తరవాత ఒకటి కాళ్ళకిందికి వచ్చాయి. కుడికాలు తొందరపడింది. ఎడమది దాన్ని నమ్ముకుని వెనక వచ్చింది. నడక దగ్గరికి, ఇంకా దగ్గరికి వచ్చింది. తెరమీద తలుపు ఠక్కున తెరుచుకుంది. తలుపు ముందు ఒక్క క్షణం ఆగితే బాగుండునని ఆయనకు అనిపించింది గాని, బొమ్మలో అందుకు చోటు లేదు.

రికార్డిస్టు హెడ్‌ఫోన్లు మెడ మీదికి జార్చుకుంది. "కోడి నిజంగా ఏడ్చేట్టుంది బాబాయ్," అంది.

"ఉంచేద్దాం," అన్నాడు దర్శకుడు. "వచ్చే సీజనంటూ ఉంటే అవ్వ ఉండదు. పైవాళ్ళకి కోడి ఒక్కటీ చాలట. ఈ మాత్రం సాగనంపడం మర్యాదే."

సాయంకాలం బయలుదేరేటప్పుడు ఆయన గుడ్డసంచిని చంకలో పెట్టుకున్నాడు. "ఇవి తీసుకెళ్తానమ్మా."

"తీసుకెళ్ళండి. నడక భద్రంగా దాచాను. ఎవరివి బాబాయ్ అసలు?"

"ఇంట్లోవి."

దాచిన నడకను ఇంటికి తీసుకుపోయే వీలు లేదు. ప్రసారం కాకముందు ఒక్క చప్పుడైనా గది దాటకూడదని నియమం. ఫోన్లు సైతం గడప దగ్గరి పెట్టెలో వేసి లోపలికి వెళ్ళాలి. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పొద్దు వాలిన వీధులు చూస్తూ, ఆయన మనసులో వానకాలం ఎంత పొడుగో కొలుచుకున్నాడు. కొలిచిన ప్రతిసారీ అది పెరిగింది. సంచిని ఒళ్ళోకి తీసుకున్నాడు.

ఇల్లు రెండో అంతస్తులో, పొడుగాటి నడవ చివర. మరదలు తలుపు తీసింది. అక్క మంచాన పడ్డప్పటినుంచి పగళ్ళు ఆమె ఇక్కడే గడుపుతోంది.

"ఇవాళంతా తినలేదు బావా," అంది మెల్లగా. "నీళ్ళు మాత్రం చెంచాతో పట్టాను. నీకోసం రెండుసార్లు అడిగింది."

"ఏమని?"

"ఆ దొంగ ఇంకా రాలేదా అని."

మంచం కిటికీ పక్కన ఉంది. ఆమె ముఖం దిండులో సగానికి దిగిపోయి, పసుపురంగు వెలుతురులో మైనంలా మెరుస్తోంది. కళ్ళు తెరవకుండానే అడిగింది: "ముసలిది ఇవాళ ఎక్కడికి నడిచింది?"

ఆయన మంచం అంచున కూర్చున్నాడు. "ఇవాళ నిజంగానే నడిచింది."

"అంటే ఇన్నాళ్ళూ?"

"తేలింది. శాపం తగిలి కాళ్ళు నేలకి ఆనవు. నీకు చెప్పలేదు."

"తెలుసు," అంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. "కోట మెట్లు రెండుసార్లు ఎక్కించారు. దింపడం మర్చిపోయారు."

"మరి అడగలేదేం?"

"చెబుతుంటే బాగుంది." కాసేపటికి, "వినిపించండి," అంది.

"వానలు వెలిశాక వస్తుంది."

"అప్పటిదాకా హాలు తెరిచి ఉంటుందేంటి?"

మరదలు ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయన సంచిలోంచి చెప్పులు తీశాడు. భార్య ఎడమచేతిని ఎత్తి కుట్లమీద ఆనించాడు. ఆ వేళ్ళు వాటిని గుర్తుపట్టి, ఒక్కొక్క కుట్టూ తడుముకుంటూ పోయాయి.

"తోలు ఎండబెట్టేశారు," అంది. "నూనె రాయొద్దూ?"

ఆయన నడవలోకి వెళ్ళి, తలుపు మూసి, ఆ చివరిదాకా నడిచి, చెప్పులు తొడుక్కున్నాడు. చెత్తబుట్టతో బయటికి వచ్చిన పక్కింటావిడ, మడమలు బయటపెట్టుకుని ఆడచెప్పుల్లో నిలబడ్డ పెద్దమనిషిని ఎగాదిగా చూసింది. "ఏంటండీ?" అంది.

"పనండీ," అన్నాడాయన.

ఆవిడ లోపలికి పోయేదాకా ఆగి మొదలుపెట్టాడు. టప్, సర్ర్. టప్, సర్ర్. ఇక్కడ బొంతలు లేవు. బోసిగోడల మధ్య నడక మోగుతూ వచ్చింది. తలుపు తోసి లోపలికి వచ్చాడు. ఆమె కళ్ళు మూసుకుని ఉంది. పెదవి కదిలే పక్క కొద్దిగా నవ్వు ఉంది.

"ఎడమది సరిపోయింది," అంది. "తలుపు దగ్గర ఆగలేదేం? నేను ఆగుతాను."

ఆగేది. ఆయనకు గుర్తుంది. అన్ని ఇళ్ళలోనూ, అన్ని తలుపుల ముందూ. బరువు మార్చుకోవడానికనే ఇన్నేళ్ళూ అనుకున్నాడు.

"ఎందుకాగేదానివి?"

"మీరు లోపల ఉన్నారో లేదో వినడానికి."

ఆయన వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు.

"మళ్ళీ రండి," అంది ఆమె. "ఈసారి ఆగి రండి. నేను పిలుస్తాను."

ఆయన మళ్ళీ వెళ్ళాడు. తలుపు దగ్గరికి లాగి మూశాడు. నడవ చివర కిటికీలోంచి ఆకాశం ఇంకా కాస్త తెల్లగానే ఉంది. కింద ఎవరో సైకిలు ఆనించి తాళం వేస్తున్న చప్పుడు. అది ఆగేదాకా ఉండి, ఆమె కుడికాలితో మొదటి అడుగు వేశాడు. తొందరపడలేదు. ఆ నడవ ఇంతకన్నా పొడుగుంటే బాగుండుననుకుంటూ నడిచాడు. తలుపు ముందుకు వచ్చి, కుడిచెయ్యి తలుపుచట్రానికి ఆనించి, ఆమెలాగే కుడికాలి మీదికి ఒరిగి, ఆగాడు.

విన్నాడు.

గ్లాసులో చెంచా పెట్టిన చప్పుడు వినబడింది. మంచం కిర్రుమంది, ఎవరో వంగినట్టు. "అక్కా," అని ఒక మాట వినిపించింది, పిలుపులా కూడా లేదు. ఆ తరవాత ఏమీ లేదు. జీవితమంతా చప్పుళ్ళు విడదీసి వినడమే పనిగా బతికినవాడు, ఆ గదిలోంచి ఏ చప్పుడు తగ్గిపోయిందో వేరే చెప్పించుకోనక్కర్లేదు. అయినా ఆయన తలుపు తొయ్యలేదు. పిలుస్తానంది కనుక నిలబడ్డాడు.

చాలాసేపటికి తలుపు లోపలినుంచి తెరుచుకుంది. మరదలు ఆయన ముఖంలోకి చూడలేదు, పాదాలవైపు చూసింది.

"బావా," అంది, "చెప్పులు విప్పి లోపలికి రా."

గడప బయట, తలుపు వైపు తిరిగి, ఒకటి తిన్నగానూ ఒకటి దానికి కొంచెం వెనకగానూ, ఆ చెప్పులు ఆగి ఉన్నాయి.